ఆంగ్లమున శబ్దపల్లవములు

రెండేండ్ల క్రిందటి వేసవిలో ఒకనాటి సాయంకాలము మా మేనకోడలు ఒక లావుపాటి నోటుపుస్తకము చేతబట్టుకొని మా ఇంటికి వచ్చెను. ఆమె నర్సింగు చదివి, గుంటూరులో ఒక ఆసుపత్రిలో మూడేండ్లుగా పనిచేయుచుండెను. ఇంగ్లండులో నర్సు ఉద్యోగమునకు పోవలెనని ఆమె కోరిక. కోరిక యనుటకంటె అవసరమనుట సత్యమునకు దగ్గరగా నుండును. తండ్రి లేడు; తమ్ముని చదువు ముగియలేదు; ఇంటిమీద అప్పు కలదు. ఆ దేశమున ఉద్యోగము దొరకవలెనన్న ముందుగా ఆంగ్లభాషలో ఒక పరీక్ష గట్టెక్కవలెను. 12 వైద్యవృత్తులవారికై ప్రత్యేకముగా ఏర్పడిన ఓ.ఇ.టి. అను పరీక్షను ఆమె ఎంచుకొనెను. అందు వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు. మా పిల్ల మూడింట నెగ్గి, మాటలాడుటలో తప్పెను. కావలసినది ‘బి’, వచ్చినది ‘సి ప్లస్’. కట్టిన రుసుము పోయినది. మరల కట్టుటకై తల్లి మెడలోని గొలుసు బ్యాంకునకు చేరినది.

‘మామయ్యా, ఇందులో నాలుగు వందలున్నాయి. అన్నీ నోటికి వచ్చు. ఎక్కడ అడిగినా చెబుతాను. ఎదుటిమనిషి మాట్లాడితే మాత్రం ఒక్కటీ అందదు’ అని పుస్తకము నా ముందు పెట్టెను.

చూడగా అవి ఆంగ్లమున ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అనబడునవి. గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్, పుట్ అప్ విత్ ఇత్యాదులు ఎడమవైపున, వాటి అర్థములు కుడివైపున, ప్రక్కన క్రమసంఖ్యలు. తెలుగు చెప్పుకొని బ్రదుకువానికి ఈ గొడవ ఏల యని ఆంగ్లోపన్యాసకులైన మిత్రులు నన్ను మందలింపవచ్చును. మేనకోడలు అడిగినప్పుడు మేనమామ కాదనలేడు. అంతకుమించి నాకడ సమాధానము లేదు.

‘త్రో అప్’ అని అడిగితిని. ‘వాంతి చేసుకోవడం. రెండు వందల పదకొండోది’ అని తడుముకొనక చెప్పెను. మరి పరీక్షలో ఏమి జరిగినదని అడిగితిని. ఆ పరీక్షలో మాటలాడు భాగమున రెండు ఘట్టములు నడుపుదురు. అభ్యర్థి నర్సుగానే యుండును. ఎదుటనున్నవారు రోగిగానో రోగి బంధువుగానో నటింతురు. ఒక్కొక్కదానికి సిద్ధపడుటకు మూడు నిమిషములు, సంభాషణకు అయిదు నిమిషములు. మా పిల్లకు వచ్చిన ఘట్టములో ఎదుటి యువతి ఒక పసివాని తల్లి. ‘హీ హాడ్ హిజ్ మిల్క్ అండ్ త్రూ ఇట్ ఆల్ అప్’ అని ఆమె అన్నదట. పాలు త్రాగినాడు, త్రాగినదంతయు కక్కినాడు అని దానికి అర్థము. ఈమెకు ‘త్రూ’ వినబడినది, విసరుట మనస్సున మెదలినది. పాలగిన్నె విసరికొట్టినాడు కాబోలు ననుకొని, చిన్నపిల్లలు అల్లరి చేయుట సహజమని, కోప్పడవద్దని ఆ తల్లికి బుద్ధి చెప్పినదట! ఆ మాట చెప్పుచు తాను నవ్వినది. నవ్వుచునే కన్నీరు తుడుచుకొన్నది.

రెండు వందల పదకొండవ మాట ఆమెకు రాక కాదు. పుస్తకములో ‘త్రో’ ప్రక్కన ‘అప్’ అంటిపెట్టుకొని యున్నది. తల్లి నోట ‘త్రో’ భూతకాలరూపము దాల్చి ‘త్రూ’ అయినది. నడుమ రెండు మాటలు చొరబడినవి. ‘అప్’ వాక్యము చివరకు జరిగినది. బొమ్మలో చూచిన మనిషి బజారులో నడచుచు ఎదురైనచో గుర్తింపలేకపోయినట్లే.

అప్పుడు నాకు మన వ్యాకరణములోని ‘శబ్దపల్లవము’ జ్ఞప్తికి వచ్చినది. ఒక శబ్దమునకు ఒక క్రియ చేరి, రెండింటి విడివిడి అర్థములతో నిమిత్తము లేని క్రొత్త అర్థము నిచ్చునపుడు మనవారు దానిని ఆ పేరుతో పిలిచినారు. తలపెట్టు, చేపట్టు, వెనుదీయు, మేలుకొను మున్నగునవి ఇట్టివి. ‘మేలు’ అను మాటను, ‘కొను’ అను మాటను ఎంత శోధించినను నిద్రనుండి లేచుట అందు కనబడదు. ఒక పనిని తలపెట్టువాడు తలను ఎక్కడను పెట్టడు. ఆంగ్లేయుల ఫ్రేజల్ వెర్బు మన శబ్దపల్లవమునకు పినతల్లి కుమార్తె. తేడా యేమన, మనము తోడుమాటను క్రియకు ముందుంతుము, వారు వెనుక నుంతురు.

సంస్కృతమున ఈ పనిని ఉపసర్గలు చేయును. ‘హృ’ అను ధాతువు ఒక్కటే. ‘వి’ చేరిన విహారము, ‘ఆ’ చేరిన ఆహారము, ‘సం’ చేరిన సంహారము. షికారును, భోజనమును, చావును ఒక్క ధాతువునుండి పుట్టించిన భాషను ఇంటనుంచుకొని, ‘పుట్’ అను మాట నాలుగు విధముల మారుచున్నదని మనము బెదరుట వింతగా నున్నది.

మా పిల్లకు ఇది నచ్చలేదు. ‘తెలుగులో ఇన్ని లేవు మామయ్యా’ అనెను.

‘నీ ఆసుపత్రిలోకి ఒక దొరసాని నర్సు వచ్చిందనుకో. తెలుగు నేర్చుకుంది. పట్టు అంటే చేత్తో పట్టుకోవడమని ఆమె పుస్తకంలో ఉంది. ఇక రోగులు మాట్లాడతారు. విను’ అని లెక్కపెట్టసాగితిని. రాత్రి నిద్ర పట్టలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. మెడ పట్టేసింది. దగ్గు పట్టుకుంది. జ్వరం తగ్గుముఖం పట్టింది. ముసలాయనకు మంచం పట్టడమే మిగిలింది. కొడుక్కేమో పట్టదు. వీటిలో ఏదియు చేతితో పట్టునది కాదు. నిద్ర తనను పట్టుకొనలేదని రోగి ఫిర్యాదు చేయుచున్నట్లు ఆ దొరసానికి తోచును. పైగా రోగి ‘నిద్ర పట్టలేదు’ అని తిన్నగా చెప్పునా? ‘నిద్ర రాత్రంతా ఒక్క కునుకైనా పట్టితే ఒట్టు’ అనును. నిద్ర ఒకచోట, పట్టుట మరియొకచోట. అయినను మనకు అందులో తికమక లేదు.

‘మనకు ఇవన్నీ ఎవరు నేర్పారు?’ అని అడిగితిని.

‘ఎవరూ నేర్పలేదు. విన్నాం’ అనెను.

ఈ ఇబ్బంది నిన్న నేడు బయలుదేరినది కాదు. 1755లో ఆంగ్లనిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సను తన పీఠికలోనే దీనిని ప్రస్తావించెను. క్రియకు వెనుక ఒక చిన్నమాట చేర్చి అర్థము మార్చుట తమ భాషలో మిక్కుటమనియు, పరదేశీయులకు అన్నింటికంటె పెద్దచిక్కు దీనివలననే కలుగుచున్నదనియు ఆయన గుర్తించెను. ‘సెట్’ అను మాట ‘ఇన్’, ‘అవుట్’, ‘ఆఫ్’ చేరినకొలది ఎట్లు వేరగునో కూడ అచట చూపెను. ఫ్రేజల్ వెర్బ్ అను పేరు మాత్రము చాల వెనుకటిది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమున దానిని వాడి, ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ ఆ పేరు సూచించెనని చెప్పెను. పేరు పెట్టకమునుపే పిల్ల పెరిగి పెద్దదైనది.

మన విద్యార్థికి ఇది కష్టమగుటకు వేరొక కారణము కూడ కలదు. ఆంగ్లేయుల భాషకు రెండు గదులు. ఒకటి వారి తాతముత్తాతల నాటి ఇంటిమాటలది. రెండవది 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచినుండియు, చదువులు పెరిగినకొలది లాటినునుండియు వచ్చిచేరిన పెద్దమాటలది. మనకు దేశ్యములు, తత్సమములు ఉన్నట్లే. పుట్ ఆఫ్ అనునది దేశ్యము. పోస్ట్‌పోన్ అనునది తత్సమము వంటిది. పుట్ అప్ విత్ ఇంటిమాట, టాలరేట్ బడిమాట. మన పిల్లలు ఆంగ్లమును గ్రంథములనుండి నేర్చుదురు గనుక వారికి రెండవగది తలుపు తెరచియుండును, మొదటిది మూసియుండును. పెద్దమాట తెలియును, చిన్నమాట తెలియదు. తెలుగును కావ్యములనుండి మాత్రమే నేర్చిన పరదేశీయుడు పల్లెలో ఒక అవ్వను ‘తమకు నిద్ర ఆసన్నమైనదా?’ అని అడిగిన ఎట్లుండును? ఆ అవ్వ ‘కళ్లు మూతలు పడుతున్నాయి నాయనా’ అనును. ఇద్దరును తెలుగే మాటలాడుచున్నారు!

ఇంటిమాటలన్నియు మేలైనవనియు, పెద్దమాటలు పనికిమాలినవనియు నేననుట లేదు. ఆ పరీక్షలోనే వ్రాయు భాగమున, ఒక రోగిని గూర్చి మరియొక వైద్యునికో నర్సునకో 45 నిమిషములలో లేఖ వ్రాయవలసి యుండును. అందు ‘త్రూ అప్’ అని వ్రాసిన అది కచ్చేరి కాగితముపై ‘కక్కాడు’ అని వ్రాసినట్లే. అచ్చట ‘వామిటెడ్’ అనవలెను. మంచముకడ ఒక మాట, కాగితముపై ఒక మాట. మా పిల్లకు కాగితము వచ్చును, తప్పినది మంచముకడ.

మూడవ చిక్కును బడిలో మేమే తెచ్చిపెట్టితిమని నా అనుమానము. ‘ఇన్’ అనగా లో, ‘ఆన్’ అనగా మీద, ‘అప్’ అనగా పైకి అని చిన్నతరగతులలో విభక్తులవలె వల్లెవేయింతుము. విభక్తి మనకు ఎప్పుడును నామమును అంటియుండు చిన్నతోక. దానిని ఒత్తి పలుకము. ఆ అలవాటుచొప్పున ఆంగ్లవాక్యములో కూడ ‘అప్’, ‘ఆఫ్’ మాటలను చెవి జారవిడుచును. వారు మాత్రము ఇట్టిచోట్ల ఆ చిన్నమాటనే నొక్కి పలుకుదురు. ‘టేక్ ఇట్ ఆఫ్’ అన్నపుడు బరువు ‘ఆఫ్’ మీద పడును. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నపుడు ‘ఎట్’ తేలిపోవును, బరువు ‘లుక్’ మీదనే నిలుచును. ఏది నిజమైన పల్లవమో, ఏది వట్టి విభక్తివంటిదో పోల్చుకొనుటకు ఈ బరువు చాలవరకు దారి చూపును. అందరును వినదగిన సంగతి యిది. అచ్చులో బరువు కానరాదు గనుక పుస్తకము దీనిని చెప్పజాలదు. ఉపాధ్యాయుని గొంతే చెప్పవలెను.

ఆ బరువును పట్టుకొనినచో సర్వనామముల నియమము కూడ చెవికే అందును. ‘పుట్ ఆఫ్ ది ఆపరేషన్’ అనవచ్చును, ‘పుట్ ది ఆపరేషన్ ఆఫ్’ అనవచ్చును. ‘ఇట్’ అన్నపుడు మాత్రము అది నడుమనే యుండవలెను: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనుట తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి మరియొక జాతి. వానిని విడదీయరాదు, ‘లుక్ ఆఫ్టర్ హెర్’ అనియే యనవలెను.

ఇక మా పిల్ల తన్ను పరిచయము చేసికొను వాక్యము విని నేను ఉలికిపడితిని. ‘ఐ పాస్డ్ అవుట్ ఫ్రమ్ మై కాలేజ్’ అనెను. మన దేశమున చదువు ముగించిన ప్రతివాడును ఈ మాట అనుచున్నాడు. సైనిక శిక్షణాలయములలో ‘పాసింగ్ అవుట్ పెరేడ్’ అనుట ఆంగ్లేయులకును పరిచితమే. కాని ఆసుపత్రిలో ‘పాస్ అవుట్’ అనగా స్పృహ తప్పి పడిపోవుట. కళాశాలలో మూర్ఛపోయితినని గర్వముగా చెప్పుకొను నర్సును ఎవరు కొలువునకు తీసికొందురు? ‘పాస్ అవే’ అన్నచో మరణించుట. ఒక్క చిన్నమాట తేడాతో మూర్ఛ మరణమగును. రోగి బంధువులతో మాటలాడునపుడు ఇది నవ్వులాట కాదు.

తెలుగువాడు ఈ చిన్నమాటలకు చేసిన గౌరవము వేరొకచోట కానవచ్చును. ‘స్విచ్ ఆన్’ నుండి స్విచ్చిని వదలి, ‘ఆన్’ను గ్రహించి, ‘చేయు’ చేర్చి ‘ఆన్ చేయు’ అనినాడు. ‘ఆఫ్ చేయు’, ‘అవుట్ అగు’, ‘చెకప్ చేయించుకొను’, ‘పికప్ చేసికొను’ అన్నియు ఇట్లు పుట్టినవే. ఆంగ్లపల్లవమును తెచ్చి తెలుగు పల్లవమునకు అంటుకట్టినాడన్నమాట. బాలవ్యాకరణకర్త చిన్నయసూరి వినినచో కనుబొమలు ముడిచెడివాడేమో గాని, సమాసము కుదిరినదని లోలోపల ఒప్పుకొనక తప్పదు.

నాలుగు వందలు వల్లెవేయుట మాని మరి చేయవలసినదేమి? మొదట ఆ పట్టికను మూయుమంటిని. అది క్రియల వరుసలో నున్నది: గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ ఓవర్, గెట్ త్రూ. నేను పాఠశాలలో చదువునాడు మా మాస్టారు ఇట్లే ‘లుక్’ను నల్లబల్లపై పదివిధముల వ్రాసి, మరునాటికి అప్పగింపుమనెడివారు. అప్పగించితిమి, ఆ మరునాడు పదియు ఒకదానితో నొకటి కలిసిపోయినవి. పోలికగల కవలలను పదిమందిని ఒక్కసారి పరిచయము చేసి పేర్లు గుర్తుంచుకొమ్మనుట వంటిదది. ఈ పద్ధతి ఇప్పటికిని తరగతులలో బ్రదికియున్నది. ఉపాధ్యాయ మిత్రులు ఏమనుకొన్నను సరే, ఒకే క్రియకు చెందిన రెండు మాటలను ఒకేనాడు చెప్పరాదని నా అభిప్రాయము.

మేము రోగిచుట్టును తిరిగితిమి. మొదటిరోజు రోగిని పరీక్షించుట: సిట్ అప్, లై డౌన్, రోల్ ఓవర్, బ్రీద్ ఇన్, బ్రీద్ అవుట్, చొక్కా టేక్ ఆఫ్, మరల పుట్ ఆన్. ఇవి ఒక్కటైనను అర్థము చెప్పనక్కరలేనివి. నేను మంచముపై పండుకొని ఆమె చెప్పినట్లు చేసితిని. రెండవరోజు ఆపరేషను: మత్తుమందు ‘వేర్ ఆఫ్’ అగును, రోగి ‘కమ్ రౌండ్’ అగును, వాపు ‘గో డౌన్’ అగును. మూడవరోజు సలహాలు: పొగ త్రాగుట ‘గివ్ అప్’ చేయవలెను, ఉప్పు ‘కట్ డౌన్’ చేయవలెను. ఒక పూటకు ఏడో ఎనిమిదో, అంతకుమించి లేదు. నేను తలకు తువాలు చుట్టుకొని మూలుగుచు రోగినయ్యెడివాడను. ప్రతి మాటను ఒకమారు కలిపి, ఒకమారు విడదీసి, ఒకమారు భూతకాలమున చెప్పెడివాడను. వంటింటినుండి మా ఇంటిది తొంగిచూచి ‘ఆయనకు మూలగడం మాత్రం బాగా వచ్చు’ అనెడిది.

కొంతకాలమునకు చిన్నమాటల స్వభావము ఆమెకే లీలగా గోచరించెను. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’, ‘డ్రై అప్’ అనువానిలో ‘అప్’ పైకెక్కుట లేదు. పని పూర్తియైనదని చెప్పుచున్నది. మనము ‘తినివేయు’, ‘ఎండిపోవు’ అనునపుడు ‘వేయు’ దేనినైనను విసరుచున్నదా? ‘పోవు’ ఎచ్చటికైనను నడచుచున్నదా? ఆ పనినే అక్కడ ‘అప్’ చేయుచున్నది. ‘ఆఫ్’ తరచుగా ఊడుటను, తొలగుటను తెలుపును: ‘కమ్ ఆఫ్’, ‘వేర్ ఆఫ్’, ‘కట్ ఆఫ్’. ఈ సూత్రమును మరీ నమ్మరాదని కూడ హెచ్చరించితిని. కాగితము కాలిపోయిన ‘బర్న్ అప్’, ఇల్లు కాలిపోయిన ‘బర్న్ డౌన్’ అందురు. పైకి కాలినను క్రిందికి కాలినను మిగులునది బూడిదయే. ‘పుట్ అప్ విత్’ అనగా ఓర్చుకొనుట ఎట్లయినదో వివరింప బూనినవానికి మన ‘మేలుకొను’ను వివరింపుమని చెప్పవలెను.

ఇట్లు రెండు నెలలు గడచినవి. నోటుపుస్తకములోని నాలుగు వందలలో మేము ముట్టుకొన్నవి నూటయేబదికి మించవు. మిగిలినవాని గతి యేమని ఆమె బెంగపడెను. అవి రోగుల నోటనే నేర్చుకొందువుగాని, తెలియనిచో అడుగుమంటిని. ‘కెన్ యూ టెల్ మీ వాట్ యూ మీన్ బై దట్?’ అని అడుగుట నర్సునకు చిన్నతనము కాదు. అర్థము కాకున్నను తలయూచి సలహా చెప్పుటయే ప్రమాదము. పాలగిన్నె కథ అక్కడనే కదా పుట్టినది!

రెండవమారు ఆమెకు ‘బి’ వచ్చినది. గొలుసు ఇంకను బ్యాంకులోనే యున్నది. వచ్చే ఉగాదికి విడిపింతునని తల్లికి మాట ఇచ్చినది.

మొన్న ఆదివారము అక్కడ డ్యూటీ దిగి బస్సుకొరకు నిలిచి నాకు ఫోను చేసెను. వార్డులో ఎనుబదియేండ్ల ఆమె ఒకతె కుర్చీలో కూర్చుండియే కన్ను మూసినదట. మందులు తెచ్చిన ఈమెను చూచి ఉలికిపడి లేచి, ‘ఐ మస్ట్ హావ్ నాడెడ్ ఆఫ్’ అని సిగ్గుపడి నవ్వినదట.

‘ఆ మాట మన పుస్తకంలో లేదు మామయ్యా. నాలుగు వందల్లోనూ లేదు. కాని ఆవిడ మొహం చూడగానే తెలిసింది. కునుకు పట్టడం, అంతేగా?’

‘అంతేనమ్మా’ అంటిని. ఇంతలో బస్సు వచ్చినది కాబోలు, ఫోను పెట్టివేసెను.